తొమ్మిదేండ్ల మామిడిని కొట్టేయాలా, ఉంచాలా?

గోపాల్‌పూర్ వాసి | మార్చి 9, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదలు. మాది హన్మకొండ గోపాల్‌పూర్, రెండు వందల గజాల్లో ఇల్లు. వెనక పదిహేను అడుగుల జాగా మిగిలితే 2016 వానకాలంలో మామిడి, జామ, నిమ్మ, సపోటా పెట్టాను. వీధిలోకి వ్యాన్‌లో వచ్చిన మొక్కలే. ‘బంగినపల్లి అంటు సార్, మూడో ఏడు కాత’ అని చెప్పి ఇచ్చాడు.

మూడో ఏడు కాదు, అయిదో ఏడు కాసింది. పదకొండు కాయలు. గుండ్రంగా పిడికిలంత ఉంటాయి, లోపల టెంకే ఎక్కువ. కోస్తే కత్తికి పీచు చుట్టుకుంటుంది. 2023లో మాత్రం విరగకాసింది, రెండు బస్తాలు. చుట్టుపక్కల అందరికీ పంచాం. తీసుకున్నవాళ్లెవరూ రెండోసారి అడగలేదు. నిరుడు ఒక్క పూత లేదు. ఈసారి సంక్రాంతి తర్వాత చెట్టంతా పూత చూసి మురిసిపోయాం. ఇప్పుడు చూస్తే నల్లబడి, ముట్టుకుంటే పొడిలా రాలుతోంది. చెట్టు కింద పెట్టిన బండి సీటంతా జిగట.

మా ఆవిడ ‘కొట్టేయించు, కారు పెట్టుకుందాం’ అంటోంది. కారు ఇంకా కొనలేదు. జామకేమో పురుగు. నిమ్మకు ముళ్లు తప్ప ఏమీ రావు. ఒక్క సపోటానే పరువు కాపాడుతోంది. చెట్టు కొట్టేవాడు మూడు వేలు అడిగాడు, కట్టె కూడా ఆయనకే. వచ్చే ఆదివారం రమ్మన్నాను. మీరేమంటారు?

సగం ఖాళీ కుండీ | మార్చి 9, రాత్రి 9:58

చెట్టుంది కాయ లేదు, పార్కింగ్ ఉంటుంది కారు లేదు. అన్నా, మీ ఇంట్లో అన్నీ ముందస్తే.

నా సలహా అడిగితే కొట్టేయండి. తొమ్మిదేండ్లు మీరు పోసిన నీళ్లకు, కొన్న ఎరువుకు లెక్క కడితే ఒక్కో కాయ యాపిల్ కంటే ఎక్కువ పడి ఉంటుంది. మే నెలలో మార్కెట్‌కు పోతే గంపలకు గంపలు.

నయీంనగర్ టీచరమ్మ | మార్చి 9, రాత్రి 10:25

ముందు ఆ కొట్టేవాడికి ఫోన్ చేసి ఆదివారం గొడ్డలి వద్దు, రంపం తెమ్మని చెప్పండి. ఎందుకో తర్వాత చెబుతా.

బంగినపల్లి గుండ్రంగా ఉండదు బాబూ. కోలగా, పెద్దగా ఉంటుంది, పీచు ఉండదు. మీరు చెప్పిన కాయ బంగినపల్లి కానే కాదు. నాకొక అనుమానం ఉంది. పొద్దున వెలుతురులో చెట్టు మొదలు ఫోటో పెట్టండి, నేల నుంచి రెండడుగుల వరకు చాలు. చుట్టూ మట్టి కొంచెం తీసి మరీ తియ్యండి. ఇంకో రెండు ప్రశ్నలు: ఇల్లు కట్టేముందు ప్లాట్‌లో ఏం పోశారు? ఏ నీళ్లు పోస్తున్నారు?

జగిత్యాల తోట | మార్చి 10, ఉదయం 5:50

గోపాల్‌పూర్ అన్నా, ఆ జిగటే మీ సమస్యకు పేరు చెప్తోంది. అది తేనెమంచు పురుగు. పొద్దుగాల చెట్టు కింద నిలబడి ఒక కొమ్మ ఊపండి. టపటపమని చినుకులు పడ్డట్టు చప్పుడైతది, ముఖం మీదికి ఎగురుతాయి. గోధుమ గింజంత కూడా ఉండవు. పూతలో రసం పీల్చి, తియ్యటి జిగట వదులుతాయి. ఆ జిగట మీద మసి లాంటి బూజు పడితే ఆకులూ పూతా నల్లబడతాయి. మీరన్న పొడి, దగ్గరికి పోయి చూస్తే తెల్లగా పిండి చల్లినట్టు ఉంటే మాత్రం బూడిద తెగులు. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి.

ఇప్పుడు చేసేది పెద్దగా లేదు. నీళ్లలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున కొట్టాల్సింది పూత కాడ బయటికి వస్తున్నప్పుడు, అంటే జనవరిలో. ఇప్పుడు ఎండలు ముదిరాయి, గంధకం కొడితే ఆకు మాడుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక ఏ మందూ కొట్టొద్దు. మామిడికి పరాగం మోసేది ఎక్కువగా ఈగలే, వాటిని చంపుకుంటే కాయ నిలవదు.

ఇంకొకటి, మీ చెట్టు లోపల ఎండ పడుతోందా? పడకపోతే ఆ పురుగు ఏడాదంతా బెరడు సందుల్లో కాపురం ఉంటుంది. కాయ కోయగానే లోపలి కొమ్మలు తీసేయాలి. నిరుడు పూత రాకపోవడం అంటారా, ముందటి ఏడు విరగకాసింది కాబట్టి అలిసిపోయింది. కొన్ని చెట్లు ఏడు విడిచి ఏడే కాస్తాయి. మా దగ్గర చల్‌గల్ మార్కెట్‌కు ఒక ఏడు లారీలు నిండితే, ఇంకో ఏడు ఆటోలు కూడా నిండవు.

గోపాల్‌పూర్ వాసి | మార్చి 10, ఉదయం 7:35

జగిత్యాల అన్నా, కొమ్మ ఊపాను. నిజంగానే చినుకుల చప్పుడు! ఒకటి నోట్లోకి కూడా పోయింది.

టీచర్ గారూ, ఫోటో పెట్టాను చూడండి. మట్టి తీస్తే ఒక విచిత్రం కనిపించింది. మొదట్లో బొటనవేలంత ఎండు మోడు ఉంది, దానికి ప్లాస్టిక్ రిబ్బన్ ముక్క ఇంకా చుట్టుకునే ఉంది. ఇప్పుడున్న చెట్టు ఆ మోడు పక్క నుంచి, రిబ్బన్ కింద నుంచి లేచింది. ఇన్నేండ్లూ నేను చూడనే లేదు.

మీ ప్రశ్నలకు జవాబు: ప్లాట్ గుంట ఉంటే మూడు ట్రాక్టర్ల మొరం పోయించాం. నీళ్లంటే, వంటింట్లో ఆర్వో మిషన్ వదిలే నీళ్లు పైపు పెట్టి చెట్లకు పారిస్తున్నాం. నీళ్లు వృథా కావొద్దని.

నయీంనగర్ టీచరమ్మ | మార్చి 10, ఉదయం 8:10

అదే నా అనుమానం. మీకు ఇచ్చింది అంటు మొక్కే, వాడు అబద్ధం చెప్పలేదు. కానీ అంటు అంటే రెండు చెట్లు. కింద టెంక నుంచి మొలిచిన నాటు మొక్క, పైన అతికించిన బంగినపల్లి పుల్ల. మొదటి ఏడాదో రెండో ఏడాదో పై పుల్ల ఎండిపోయింది. ఎండకో, చెదలకో, మేకకో. కింది నాటు మొక్క చిగురేసింది. చిగురొచ్చింది, బతికిందిలే అనుకుని మీరు సంతోషపడ్డారు. తొమ్మిదేండ్లుగా మీరు పెంచింది ఆ నాటు మామిడినే.

నాకు ఇదెలా తెలుసు అంటారేమో. నేనూ ఆరేండ్లు పెంచాను కనుక. అతుకు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గోటితో గిల్లెయ్యాలని నాకు చెప్పినవాళ్లు లేరు.

రంపం తెమ్మన్నది కూడా అందుకే. చెట్టు ఆరోగ్యంగా ఉంటే తల కోసి, కొత్త చిగుళ్ల మీద మంచి రకం అంట్లు కట్టొచ్చు. జగిత్యాల తమ్ముడు నాకంటే బాగా చెబుతాడు.

గోపాల్‌పూర్ వాసి | మార్చి 10, ఉదయం 8:22

తొమ్మిదేండ్లు టీచర్ గారూ. ప్రతి ఎండాకాలం పెండ ఎరువు వేశాను. మా ఆవిడకు ఎలా చెప్పాలి?

సగం ఖాళీ కుండీ | మార్చి 10, ఉదయం 8:31

చెప్పకండి. కారు కొనేయండి.

ములుగు రోడ్ | మార్చి 10, మధ్యాహ్నం 1:15

ఆర్వో నీళ్ల మాట ఎవరూ పట్టుకోలేదు, నేను పట్టుకుంటా. నాది నీళ్ల పరీక్షల పనే. బోరు నీళ్లలో ఉన్న ఉప్పులన్నీ తాగే నీళ్ల నుంచి తీసి, మిషన్ ఆ వదిలే నీళ్లలోకి పంపుతుంది. అంటే మీరు బోరు నీళ్ల కంటే ఉప్పగా ఉన్న నీళ్లు తొమ్మిదేండ్లుగా అక్కడే పోస్తున్నారు. అదీ మొరంలో, అదీ వాన సరిగ్గా పడని కాంపౌండ్ గోడ పక్కన. ఉప్పు ఎక్కడికి పోతుంది? మామిడి ఆకుల కొసలు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయా చూడండి. నిమ్మ ఇంకా సున్నితం. సపోటా మాత్రం ఉప్పు నీళ్లను బాగానే ఓర్చుకుంటుంది. మీ నాలుగు చెట్లలో అదొక్కటే బాగుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బండి కడగడానికి వాడండి. చెట్లకు నల్లా నీళ్లు పోయండి. వానకాలంలో డాబా మీది వాన నీళ్ల పైపును చెట్ల వైపు తిప్పితే పాత ఉప్పు కొంత కిందికి దిగుతుంది.

గోపాల్‌పూర్ వాసి | మార్చి 10, మధ్యాహ్నం 1:40

ఆకు కొసలు కాలినట్టే ఉన్నాయి. ఎండకు అనుకున్నా.

కాజీపేట లోకో | మార్చి 10, రాత్రి 8:05

జామ సంగతి నాకు వదిలేయండి. రైల్వే క్వార్టర్‌లో ఉన్నప్పుడు పెట్టిన లక్నో 49 మొదలు, ఇప్పుడు సొంతింట్లో అలహాబాద్ సఫేద దాకా ఇరవై ఏండ్ల పురుగుల అనుభవం నాది.

మీ జామలో పురుగు పండు ఈగ పిల్ల. ఈగను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఇంటి ఈగలా ఉండదు, సన్నటి నడుముతో చిన్న కందిరీగలా ఉంటుంది. కాయ మీద వాలి, అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి తోక గుచ్చుతుంది. సూది మొనంత చుక్క పడుతుంది, అంతే. కాయ పచ్చిగానే నిగనిగలాడుతూ ఉంటుంది. పండేసరికి ఆ చుక్క చుట్టూ మెత్తబడుతుంది. మనం సంతోషంగా కొరికాక సగం పురుగు కనిపిస్తుంది. మిగతా సగం గురించి ఆలోచించొద్దు.

వానకాలం కాతకు ఈ ఈగ విపరీతం. చలికాలం కాతకు తక్కువ, రుచి కూడా చలికాలానిదే. కాబట్టి నేను వానకాలం కాతను వదిలేసుకున్నా. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే పూతంతా తుంచేస్తా, నీళ్లు తగ్గిస్తా, మేలో కొమ్మల కొసలు జానెడు కత్తిరిస్తా. జామ పూసేది కొత్త చిగురు మీదే కదా. తొలకరితో చిగురేసి జూలై, ఆగస్టుల్లో పూస్తుంది, నవంబరు నుంచి సంక్రాంతి దాకా కాయలు. మొదటిసారి పూత తుంచుతుంటే మా అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

బుట్ట కూడా కట్టాలి. మిథైల్ యూజినాల్ ఎర అని మందుల దుకాణంలో దొరుకుతుంది. కానీ దానికి మగ ఈగలే వస్తాయి, గుడ్లు పెట్టే ఆడవి రావు. బుట్టలో కుప్పలుగా పడ్డాయి కదా అని నిశ్చింతగా కూర్చోవద్దు. కాయ నిమ్మకాయంత కాగానే కాగితం సంచి కట్టేయడమే గ్యారంటీ. రాలిన కాయలు మాత్రం చెట్టు మొదట్లో వదలొద్దు. ఆ పురుగు మట్టిలో దూరి మళ్లీ ఈగై వస్తుంది. నల్ల కవర్లో వేసి మూతి కట్టి ఎండలో రెండు వారాలు పడేయండి.

నర్సంపేట అక్క | మార్చి 10, రాత్రి 9:12

మీకందరికీ పురుగుల బాధలు. అదృష్టవంతులు. మాకు పురుగు పట్టేదాకా కాయ ఉంటే కదా!

నిరుడు ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయి నాలుగు రోజులకు వచ్చాం. తాళం తీసి వెనకకు పోతే వాటర్ ట్యాంకు మూత మీద తల్లి కోతి, పిల్లను ఒడిలో పెట్టుకుని బొప్పాయి తింటోంది. పండును నిలువునా చీల్చి, గింజలు వేళ్లతో ఊడ్చి కింద పడేసి, గుజ్జు మాత్రం తింటోంది. నేను కట్టె తీసుకుంటే నన్ను చూసింది, మళ్లీ పండు వైపు చూసింది. తినడం అయ్యాక తాడు మీద ఆరేసిన దుప్పటికి చేతులు తుడుచుకుని పోయింది. జామకాయలు ఒక్కోదానికి ఒక్క కాటు, కింద పడేయడం. సీతాఫలం కొమ్మ విరిగింది. మా అత్తమ్మ పోనీలే, అమ్మవారికి పోయి వచ్చాం కదా, హనుమంతుడికి ప్రసాదం అనుకో అంది. ఏటా అంత ప్రసాదమా!

కాజీపేట లోకో | మార్చి 10, రాత్రి 9:20

అక్కా, దుప్పటికి చేతులు తుడవడం నేను కూడా చూశాను. అవి మనల్ని చూసి నేర్చుకుంటాయి.

పరకాల పత్తి | మార్చి 10, రాత్రి 9:47

మా బజారులో పులి బొమ్మ పెట్టారు. వారం రోజులు భయపడ్డాయి. ఎనిమిదో రోజు దాని వీపు మీద కూర్చుని పేలు చూసుకున్నాయి. కొండముచ్చు ఫ్లెక్సీ పెట్టినా అంతే. మావాళ్లు నిజం కొండముచ్చును తెచ్చి కట్టేద్దాం అంటున్నారు.

నయీంనగర్ టీచరమ్మ | మార్చి 10, రాత్రి 10:02

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొండముచ్చును పట్టుకోవడం, కట్టేయడం నేరం. పాపం కూడా, అది వేరే సంగతి.

భీమారం డాబా | మార్చి 10, రాత్రి 10:15

నిర్మల్ దగ్గర చించోలి (బి)లో 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టారు కదా, అక్కడికి పంపొచ్చు కదా అనేవాళ్లు ఉంటారు. ఉన్న కోతులన్నిటినీ ఏ కేంద్రం మొయ్యగలదు? హరితహారంలో ఊళ్ల పక్కన మంకీ ఫుడ్ కోర్టులని పండ్ల మొక్కలు కూడా పెట్టారు. కోతులకు చదువొస్తే బోర్డు చూసి అక్కడే తినేవి.

మాకు పనికొచ్చింది ఒక్కటే. చెట్టును పొట్టిగా, ఏడడుగుల లోపు ఉంచి మీద వల కప్పడం. చేపల వల కాదు, దాంట్లో పిట్టలు చిక్కుకుని చస్తాయి. గళ్లు చిన్నవి ఉన్న గట్టి నైలాన్ వల, ఇనుప పైపుల చట్రం మీద బిగించాలి. ఖర్చు ఎక్కువే. పెద్ద మామిడికి అయ్యే పని కాదు.

నర్సంపేట అక్క | మార్చి 10, రాత్రి 10:31

మా అనుభవంలో నిమ్మను అవి తినవు. తెంపి పడేస్తాయి కానీ తినవు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో మూడు నిమ్మలు, ఒక కరివేపాకు. మామిడి మాత్రం పిందె దశలోనే పోతుంది. ఉగాది పచ్చడికి నాలుగు దక్కితే పండగే.

గోపాల్‌పూర్ వాసి | మార్చి 11, ఉదయం 7:00

మా వైపు కోతులు ఇంకా వారానికోసారే. ఇది చదివాక భయం పట్టుకుంది. నిమ్మ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ముళ్లే తప్ప కాయ ఎందుకు లేదు? పైగా ఆకులన్నీ ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు తినేశారు.

భీమారం డాబా | మార్చి 11, ఉదయం 9:30

మామిడి నీడలో ఉందా? ఉంటే అదే మొదటి కారణం. నిమ్మకు రోజంతా ఎండ కావాలి. రెండోది మీ ఉప్పు నీళ్లు. మూడోది, గింజ మొక్క అయితే నాలుగైదేండ్లు ఊరికే పెరుగుతుంది, కానీ మీది తొమ్మిదేండ్లది కాబట్టి ఆ సాకు చెల్లదు.

ఆకులు తినేది సీతాకోకచిలుక పిల్ల. ఆకు మీద పిట్ట రెట్ట పడ్డట్టు నలుపు తెలుపు మచ్చ కనిపిస్తే తుడవబోకండి, పుల్లతో తాకి చూడండి. తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయట పెడుతుంది, ఘాటు వాసన వస్తుంది. పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. చిన్న మొక్కకైతే ఏరేయాలి, పెద్ద చెట్టుకు ఏమీ కాదు. మా పాప ఒకదాన్ని సీసాలో పెట్టి రోజూ ఆకులు వేసింది. గూడు కట్టి, పన్నెండో రోజు బడికి పోయే టైంలో బయటికి వచ్చింది. ఆ రోజు బడి లేదు. అప్పటి నుంచి మా నిమ్మ చెట్టులో ఒక కొమ్మ పాపది, దాని జోలికి నేను పోను.

పరకాల పత్తి | మార్చి 11, మధ్యాహ్నం 12:20

ఇదే చర్చలో అడగొచ్చో లేదో, సీతాఫలం గురించి ఎవరైనా చెప్పండి. నాలుగేండ్ల చెట్టు, పూత బోలెడు, నిరుడు నిలిచింది రెండు కాయలు. గుట్టల మీద ఎవరూ నీళ్లు పొయ్యని చెట్లు గంపలకొద్దీ కాస్తాయి, ఇంట్లో పెట్టిందేమో మొండికేస్తుంది.

జగిత్యాల తోట | మార్చి 11, రాత్రి 7:55

గుట్ట మీద వందల చెట్లు, వాటికి చిన్న చిన్న పెంకు పురుగులు తిరుగుతాయి. మీ ఇంట్లో ఒక్క చెట్టు, చుట్టూ సిమెంటు. సీతాఫలం పువ్వు మొదట ఆడది, తర్వాత మగది. ఆడగా ఉన్నప్పుడు సగమే విచ్చుకుంటుంది, రేకులు పూర్తిగా తెరిచేసరికి మగదవుతుంది. ఒకే పువ్వు తనకు తాను పనికిరాదు. సాయంత్రం బాగా విచ్చుకున్న పువ్వులు తెంపి డబ్బాలో పెట్టుకోండి. పొద్దుగాల ఆ పుప్పొడిని పిల్లల పెయింట్ బ్రష్‌తో అద్ది, సగం తెరిచిన పువ్వుల లోపల తిప్పండి. నడి ఎండాకాలం పూతతో కుస్తీ పట్టొద్దు, ఆ వేడికి ఏం చేసినా రాలుతుంది. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి.

ఇక గోపాల్‌పూర్ అన్న చెట్టు సంగతి. టీచరమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, తల మార్చొచ్చు. ఈ నెలలోనే ఛాతీ ఎత్తులో కొమ్మలు రంపంతో కోయించండి. మొత్తం కోయొద్దు, పడమటి పక్క ఒక కొమ్మ ఉంచండి. వేళ్లకు తిండి అదే పెట్టాలి, నీడ కూడా అదే ఇస్తది. కోసిన చోట బోర్డో పేస్ట్ రాయండి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. మీకు అందులో పదో వంతు చాలు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుప దాంట్లో వద్దు. మొద్దుకు సున్నం కొట్టండి, లేకపోతే మే ఎండకు బెరడు పగులుతుంది.

మేలో చిగుళ్లు గుబురుగా వస్తాయి. అన్నీ ఉంచాలనిపిస్తది, ఉంచొద్దు. అన్ని వైపులా సమంగా ఏడెనిమిది ఉంచి మిగతావి తీసేయండి. జూలైకి పెన్సిల్ లావు అవుతాయి. అప్పుడు వాన తేమలో అంటు కట్టాలి. బంగినపల్లి, హిమాయత్ పుల్లలు నేను పంపుతా, ఆర్టీసీ కార్గోలో వేస్తే సాయంత్రానికి అందుతాయి. వారం ముందు చెప్పండి. ఆకులు తీసేసి కాడలు మాత్రం ఉంచితే పుల్ల మొగ్గ ఉబ్బుతుంది, అలాంటిదే అతుకుతుంది.

సగం ఖాళీ కుండీ | మార్చి 11, రాత్రి 8:20

ఇదంతా చేసి కాయ తినేసరికి?

జగిత్యాల తోట | మార్చి 11, రాత్రి 8:26

రెండు మూడేండ్లు. వేళ్లు పాతవి కదా, కొత్త మొక్క కంటే తొందరే.

నయీంనగర్ టీచరమ్మ | మార్చి 11, రాత్రి 9:00

ఆ ఉంచే ఒక్క కొమ్మను తర్వాత కూడా తీయకండి. పిడికిలంత, గుండ్రంగా, పీచుతో, పుల్లగా ఉండే నాటు కాయ అంటే ఏమిటనుకున్నారు? ఆవకాయకు జనం వెతుక్కునేది అదే. బంగినపల్లితో ఆవకాయ పెడితే నెల తిరక్కముందే ముక్క మెత్తబడుతుంది. మీరు పండబెట్టి పంచారు కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు. పచ్చిగా పంచి ఉంటే కారం, ఆవపొడి తీసుకుని మీ ఇంటికే వచ్చేవాళ్లు.

గోపాల్‌పూర్ వాసి | మార్చి 16, సాయంత్రం 6:10

ఈ రోజు ఆయన వచ్చాడు. గొడ్డలి, రంపం రెండూ తెచ్చాడు. సగమే కోయాలంటే నవ్వాడు. కూలి మాత్రం మూడు వేలే తీసుకున్నాడు, కట్టె తక్కువ వస్తోంది కదా అని వాదన. పడమటి కొమ్మ ఉంచాం. బోర్డో పేస్ట్ రాస్తుంటే చేతులు నీలంగా అయ్యాయి, గోళ్లలో ఇంకా పోలేదు. పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి చూసి, చెట్టు చచ్చిపోయిందా బాబూ అని పరామర్శించాడు. అయినా సంతోషమే ఆయనకు, వాళ్ల సంపు మీద ఆకులు పడడం ఆగింది.

మా ఆవిడకు రిబ్బన్ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ మోడు దగ్గరికి పోయి చూసి, వ్యాన్ వాడికి అప్పుడు ఎంతిచ్చావు అని అడిగింది. నూట యాభై అన్నాను. మళ్లీ ఏమీ అనలేదు.

గోపాల్‌పూర్ వాసి | మే 25, ఉదయం 6:45

చిన్న అప్‌డేట్. మొద్దు నుంచి ముప్పై దాకా చిగుళ్లు, రాగి రంగులో వేలాడుతున్నాయి. ఎనిమిది ఉంచి మిగతావి గిల్లేశాను. కాజీపేట అన్న చెప్పినట్టు జామ పూత కూడా తుంచేశా. ఇంట్లో నాకు పిచ్చి పట్టిందని నిర్ధారణ అయిపోయింది. ఆర్వో పైపు ఇప్పుడు బాత్‌రూమ్‌కు పోతోంది.

కాజీపేట లోకో | మే 25, ఉదయం 7:30

శభాష్. తిట్లు పడితేనే సరిగ్గా చేస్తున్నట్టు లెక్క.

గోపాల్‌పూర్ వాసి | ఆగస్టు 10, రాత్రి 8:50

జగిత్యాల అన్న తడిబట్టలో చుట్టి పంపిన పుల్లలు జూలై 12న అందాయి. అంట్లు కట్టే ఒకాయనను పిలిచాను. ఆయన అయిదు కట్టాడు, పక్కన నిలబడి చూసి మూడు నేను కట్టాను. ఆయన కత్తి ఒక్కసారి దించితే చీలిక నున్నగా వచ్చింది. నాది మూడుసార్లు గీరితే పీచు పీచు అయింది. ఆయన రిబ్బన్ చుడుతుంటే బొటనవేలు జారదు, నాదేమో చుట్టేసరికి పుల్ల పక్కకు తిరిగింది. ఫలితం మీరే ఊహించుకోవచ్చు: నావి మూడూ ఎండిపోయాయి. ఆయనవి అయిదింట్లో నాలుగు చిగురేశాయి, రెండు బంగినపల్లి, రెండు హిమాయత్. మొన్న మంగళవారం కోతి వచ్చి ఒక హిమాయత్ మీద కాలు పెట్టి దూకింది. ఇక మిగిలింది మూడు.

కోతి వచ్చిన రోజు నుంచి మా ఆవిడ సాయంత్రం పూట కుర్చీ వెనకకు వేసుకుని, పక్కన కట్టె పెట్టుకుని కూర్చుంటోంది. నాటు కొమ్మకు వచ్చే ఏడు పూత వస్తే జనవరిలోనే గుర్తు చేయాలట, గంధకం తనే కొడుతుందట. అతుకు కింద నుంచి చిగురు కనబడితే నాకంటే ముందు గిల్లేస్తోంది.

నర్సంపేట అక్క | ఆగస్టు 10, రాత్రి 9:05

కట్టె పొడుగుది పెట్టుకోమను తమ్మీ. పొట్టిదైతే లాక్కుంటాయి.